కృష్ణా–గోదావరి అంచు: భ్రంశాలను (నేల తెగి జరిగిన పగుళ్లను) వెనక్కి జరిపితే తొలి రూపం దొరుకుతుందా?

గుంటూరు_విద్యార్థి: సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు మన తీరం ఈశాన్య–నైరుతి దిశగా చీలి, బాపట్ల, తణుకు వంటి మిట్టలుగానూ వాటి నడుమ పల్లాలుగానూ తెగిందని చదివాను. ఆ దిమ్మెలను వెనక్కి జరిపి తొలి వెడల్పును లెక్కగట్టడం ఎలా? కొండపల్లి రాళ్లకు అవతలి ఖండంలో జోడీ ఉందా?

బెజవాడ_శిల: అందరూ సముద్రగర్భం దగ్గరే మొదలుపెడతారు. ఒంగోలు వైపున్న వేమవరం షేల్‌లో (బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయిలో) మొక్కల ముద్రలు, సముద్రజీవుల శిలాజాలు రెండూ దొరుకుతాయి. చీలికలోకి ఉప్పునీరు ఎప్పుడు చేరిందో చెప్పే సాక్ష్యం నేల మీదే ఉన్నా, దాన్ని చూడటానికి ఎవరూ కదలకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

భూగర్భ_రేఖ: నా ఉద్యోగ జీవితమంతా ఈ బేసిన్ (మేట నిండిన పల్లపు ప్రాంతం) సీస్మిక్ చిత్రాలు, అంటే భూమిలోకి పంపిన తరంగాలతో తీసిన పొరల చిత్రాలు, చదవడంలోనే గడిచింది కనుక గట్టిగా చెబుతున్నాను. మత్స్యపురి–పాలకొల్లు భ్రంశాన్ని ఖండం ఎంత సాగిందనే లెక్కలో కలపకండి. అది ఖండం చీలిన ఎంతో కాలానికి, డెల్టా మేట బరువుకు మెత్తని షేల్ మీద పై పొరలు సముద్రం వైపు జారడం వల్ల ఏర్పడింది.

తెనాలి_పరిశోధకుడు: అనుభవం పేరు చెప్పి వాదనను మూసేయకండి సార్. అడుగున చీలిక నాటి పాత మెట్టు లేకపోతే పై మేట ఆ చోటే ఎందుకు తెగాలి? కింది దానికీ పై దానికీ సంబంధమే లేదంటే నేను ఒప్పుకోను.

భూగర్భ_రేఖ: సంబంధం లేదని నేను అనలేదు, నా మాట సరిగా చదవండి. జారుడు ఎక్కడ మొదలవ్వాలో అడుగు మెట్టు నిర్ణయించవచ్చు గానీ, జారినంత మేర ఖండం సాగిందనడం తప్పు. ముందు ఆ జారుడును సరిచేసి, పై పొరలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ, బరువు తగ్గిన నేల ఎంత పైకి లేస్తుందో, అణిగిన బురద తొలుత ఎంత మందంగా ఉండేదో లెక్కించాలి. అడుగు దిమ్మెలను జరపడం ఆ తర్వాతే.

తెనాలి_పరిశోధకుడు: ఆ క్రమం నాకూ తెలుసు. అయితే వాయవ్య–ఆగ్నేయ దిశలో సాగే ప్రాణహిత–గోదావరి చీలిక పెర్మియన్ కాలం (సుమారు 30–25 కోట్ల ఏళ్ల క్రితం) నాటికే ఉంది. కొత్త చీలిక దాన్ని అడ్డంగా కోసిన చోట ఒకే దిశలో వెనక్కి జరిపితే దిమ్మెలు ఎలా అతుకుతాయి?

బెజవాడ_శిల: విద్యార్థి అడిగిన కొండపల్లి సంగతిని ఇద్దరూ వదిలేశారు. ఆ రాళ్లు దాదాపు 160 కోట్ల ఏళ్ల నాటివి. అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతంతో పోల్చేది గోదావరికి ఉత్తరాన ఉన్న తూర్పు కనుమలను, అక్కడి రూపాంతరం (వేడికీ ఒత్తిడికీ రాళ్లు మారడం) 100–90 కోట్ల ఏళ్ల నాటిది. కాబట్టి కొండపల్లిని గుర్తుగా పెట్టుకుని రెండు ఖండాలనూ అతికించవద్దు.