"మీరు పరిశుద్ధులై యుండవలెను" తర్వాత కూలి, పరిగె, తూనికరాళ్లు ఎందుకు?

ప్రశ్న

బృందంలోని పెద్దలకు నమస్కారం. తెలుగు బైబిలు లేవీయకాండం 19వ అధ్యాయం రెండవ వచనంలో "మీరు పరిశుద్ధులై యుండవలెను" అనే వాక్యం ఉంది. ఇంత గంభీరమైన మాట తర్వాత ప్రార్థన గురించో, ఉపవాసం గురించో, తపస్సు గురించో చెబుతారని ఎవరైనా అనుకుంటారు. ఆ అధ్యాయంలో వరుసగా కనిపించేవి మాత్రం పొలం ఓరలు, కూలివాని కూలి, త్రాసులు, తూనికరాళ్లు. యూదులు ఈ వాక్యాన్ని ఎలా అర్థం చేసుకుంటారు? హీబ్రూ మూలంలో 'పరిశుద్ధ' అన్న చోట ఉన్న మాట ఏది? మన 'మడి'కీ దానికీ చుట్టరికం ఏమైనా ఉందా? తెలిసినవారు చెప్పగోరుతున్నాను.

జవాబు

మూలంలో ఆ వాక్యం 'కెదోషీం తిహ్యూ' అని ఉంటుంది. 'కదోష్' ఏకవచనం, 'కెదోషీం' బహువచనం. ఈ అధ్యాయంతో మొదలయ్యే వారపు పఠన భాగాన్ని కూడా యూదులు 'కెదోషీం' అనే పిలుస్తారు. ఇదే ధాతువు నుంచి వచ్చిన మాటలు వారి ఇళ్లలో తరచుగా వినిపిస్తాయి. శుక్రవారం రాత్రి ద్రాక్షారసపు గిన్నె చేత పట్టుకుని చెప్పేది 'కిద్దూష్', పోయినవారి కోసం బిడ్డలు చెప్పే ప్రార్థన 'కద్దీష్', పెళ్లిలో వరుడు ఉంగరం తొడిగే తంతు 'కిద్దుషీన్', దేవాలయానికి సమర్పించిన సొమ్ము 'హెక్దేష్'. పెళ్లికి ఆ పేరెందుకు వచ్చిందో, రబ్బీల చర్చల సంకలనమైన తల్మూదు చెబుతూ, వరుడు వధువును హెక్దేష్ సొమ్ము మాదిరిగా లోకంలో మరెవ్వరికీ చెందకుండా ప్రత్యేకిస్తున్నాడని వివరిస్తుంది. కాబట్టి ఈ మాటలో ముందుగా వినవలసింది శుభ్రత కాదు, ఒకరి కోసం వేరుచేసి పెట్టడం. పసుపు గుడ్డలో ముడుపు కట్టిన రూపాయి మామూలు రూపాయే అయినా, ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. 'కదోష్' అనే మాటకు మన ఇళ్లలో దొరికే దగ్గరి పోలిక బహుశా అదే. అయితే ముడుపు ఏదో ఒకనాటికి కొండకు చేరి హుండీలో పడుతుంది. ఈ అధ్యాయం అడుగుతున్న మనిషి మాత్రం తన పొలంలో, తన అంగడిలో, తన ఇంట్లో ఉంటూనే ప్రత్యేకంగా ఉండాలి.

ఆ మాట ఎవరితో చెప్పమన్నారో కూడా చూడండి. యాజకులతో అనలేదు, "ఇశ్రాయేలీయుల సర్వసమాజముతో" అని ఉంది. పదకొండవ శతాబ్దపు ఫ్రాన్సుకు చెందిన వ్యాఖ్యాత రాషి (1040–1105), తోరా అనే ధర్మశాస్త్రపు ముఖ్యాంశాల్లో అధిక భాగం దీని మీదనే ఆధారపడి ఉన్నందువల్ల ఈ భాగాన్ని జనమంతా కూడిన సభలో చెప్పారని పూర్వుల మాటను ఉదహరిస్తాడు. ఒక వర్గానికి పరిమితం కాని పవిత్రత అందరూ చేసే పనుల్లోనే కనబడాలి కదా. కోత, కూలి, కొనుగోలు, అమ్మకం ఈ అధ్యాయంలోకి అలా వచ్చాయి.

ముందుగా కోత సంగతి. పొలం ఓరల వరకూ కొయ్యకూడదు, రాలిన కంకులు ఏరుకోకూడదు, అవి బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టాలి. ఇక్కడ మన అనువాదకులు 'పరిగె' అనే మాట వాడారు. కోతల కాలంలో పరిగె ఏరుకున్నవారికీ, ఏరనిచ్చినవారికీ ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పొలం ఓరన ఎంత వదలాలో ధర్మశాస్త్రం చెప్పదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన రబ్బీల న్యాయసంకలనం మిష్నా మాత్రం అరవయ్యో వంతుకు తగ్గరాదని నిర్ణయించింది. పరిగెకు కూడా అది లెక్క పెట్టింది. కోసేవాడి చేతిలోంచి ఒకచోట రెండు కంకులు జారితే అవి బీదవాడివి, మూడు జారితే రైతువి అని, ఆనాటి రెండు పండిత పక్షాల్లో ఒకటైన హిల్లెల్ పక్షంవారు అన్నారు; మూడు కూడా బీదవాడివే, నాలుగైతేనే రైతువి అని షమ్మయి పక్షంవారు అన్నారు. మూడో కంకి ఎవరిదన్నది దేవుని సన్నిధిలో తేలవలసిన వ్యాజ్యంగా ఆ పండితులు భావించారు. ఈ సంప్రదాయం రుచి తెలియాలంటే నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

తర్వాత కూలి. కూలివాని కూలిని తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోరాదని పదమూడవ వచనం. పగలు పని చేసినవాడు ఆ రాత్రంతా, రాత్రి పని చేసినవాడు మరునాటి పగలంతా తన కూలి వసూలు చేసుకోవచ్చని మిష్నా దానికి గడువులు పెట్టింది. ఆ వెంటనే గుడ్డివాని దారిలో అడ్డం వెయ్యకూడదనే వచనం వస్తుంది. దాన్ని కంటిచూపు లేనివారికే పరిమితం చెయ్యకుండా, ఒక విషయం తెలియనివాడు ఆ విషయంలో గుడ్డివాడేనని రబ్బీలు అన్వయించారు. వాడి పొలం మీద కన్నువేసి, "పొలం అమ్మేసి గాడిదను కొనుక్కో" అని హితవు చెప్పినట్టు చెప్పి, ఆ పొలాన్ని తానే కాజేసేవాడిని రాషి ఇక్కడ ఉదాహరణగా చూపిస్తాడు. బయటికి అది సలహాగానే కనిపిస్తుంది, లోపలి ఉద్దేశం చెప్పినవాడికి తప్ప మరెవరికీ తెలియదు. ఆ వచనం చివర "నీ దేవునికి భయపడవలెను" అని ప్రత్యేకంగా చేర్చడానికి కారణం అదేనని రాషి అంటాడు.

త్రాసుల వచనాలు అధ్యాయం చివర వస్తాయి. వీటి మీద మిష్నాలోనూ తల్మూదులోనూ ఉన్న చర్చ చదివితే అంగడి మధ్యలో నిలబడి వింటున్నట్టు ఉంటుంది. చిల్లర దుకాణదారు కొలపాత్రలను వారానికి రెండుసార్లు శుభ్రం చెయ్యాలి, తూనికరాళ్లను వారానికి ఒకసారి తుడవాలి, త్రాసు తట్టలను మాత్రం తూచిన ప్రతిసారీ తుడవాలి. నూనె, తేనె వంటివి కొలపాత్ర అడుగున అంటుకుని పేరుకుంటే అందులో పట్టే సరుకు తగ్గుతుంది, నష్టం కొన్నవాడిది. తూనికరాళ్లను తగరంతోనూ సీసంతోనూ చెయ్యరాదు, అవి అరిగిపోతాయి. రాతితోనో గాజుతోనో చెయ్యాలి. కొలపాత్ర మీద గింజలను సమం చేసే కర్రను కూడా వదలలేదు. సొరకాయ బుర్రతో చేస్తే అది మరీ తేలిక కాబట్టి పైన గింజలు మిగిలి అమ్మేవాడు నష్టపోతాడు, లోహంతో చేస్తే బరువుకు లోపలికి దిగి కొనేవాడు నష్టపోతాడు, అందువల్ల ఆలివ్ వంటి చెక్కతో చెయ్యమన్నారు. ఇది తూనికలు కొలతల శాఖవారి నిబంధనల పుస్తకంలో ఉండవలసిన విషయమని మనకు అనిపిస్తుంది. కాని తల్మూదులో రవా అనే పండితుడు, మనిషి చనిపోయి తీర్పుకు నిలబడినప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఇచ్చిపుచ్చుకోవడాలు నమ్మకంగా చేశావా?" అన్నదేనని చెప్పాడు. నేర్చుకోవడానికి వేళలు కేటాయించుకున్నావా అనే ప్రశ్న దాని తర్వాతది.

ఒక సభ్యురాలి వ్యాఖ్య

వివరణకు కృతజ్ఞతలు. అయినా నాకు ఒక సందేహం మిగిలింది. యూదులు రొట్టె తినేముందు పాత్రతో నీళ్లు పోసుకుని చేతులు కడుక్కుంటారని, మాంసానికీ పాలకూ గిన్నెలు వేరుగా పెట్టుకుంటారని, స్త్రీలు నెలసరి తర్వాత స్నానఘట్టంలో మునుగుతారని చదివాను. ఇదంతా మా నాయనమ్మ పాటించిన మడి లాగానే కనిపిస్తోంది. మరి పవిత్రత అంటే త్రాసులూ కూలీ అని మాత్రమే చెప్పడం వాళ్ల ఆచారాన్ని మనకు నచ్చినట్టు పల్చన చెయ్యడం కాదా?

జవాబు

అమ్మా, మీ అభ్యంతరం న్యాయమైనదే. ఆ అధ్యాయమే మీ పక్షాన సాక్ష్యం చెబుతుంది. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అనే పద్దెనిమిదవ వచనం అందరికీ తెలుసు. దాని పక్కనే ఉన్నిదారం, నారదారం కలిపి నేసిన బట్ట కట్టరాదనే పందొమ్మిదవ వచనం ఉంది. రెండింటినీ ఒకే శీర్షిక కింద పెట్టిన గ్రంథాన్ని మనం నీతి శతకంగా మార్చుకోకూడదు. ఆహార నియమాలు చెప్పే పదకొండవ అధ్యాయం కూడా "పరిశుద్ధులై యుండవలెను" అనే ముగింపుకే వస్తుంది.

అయితే మీరు చెప్పిన వాటిలో స్నానఘట్టం, చేతులు కడుక్కోవడం మరొక జంట మాటలకు చెందుతాయి. శుద్ధికి 'తహోర్', అశుద్ధికి 'తమే' అని హీబ్రూలో వేరే పేర్లున్నాయి. 'తమే' కావడం పాపం కాదు. శవాన్ని ముట్టుకున్నవాడు 'తమే' అవుతాడు, కాని దిక్కులేని శవాన్ని పాతిపెట్టడం వారి దృష్టిలో మహా పుణ్యకార్యం, ప్రధాన యాజకుడు సైతం దానికి పూనుకోవాలి. అంటే అశుద్ధుడవుతూనే ఆజ్ఞను నెరవేర్చవచ్చు. మీ నాయనమ్మగారి మడికి పోల్చదగినవి ఈ 'తహోర్', 'తమే' నియమాలు. మన 'పరిశుద్ధ' శబ్దంలో శుద్ధి ఇమిడి ఉండటం వల్ల తెలుగు పాఠకుడికి ఈ రెండు దారులూ ఒకటిగా కనిపిస్తాయి.

మాంసం, ద్రాక్షారసం, దాంపత్యం వంటి అనుమతించిన సుఖాల విషయంలో స్పెయిన్‌కు చెందిన వ్యాఖ్యాత రాంబాన్ (1194–1270) చెప్పిన మాట ఈ వచనం మీద వచ్చిన వ్యాఖ్యలన్నింటిలోకీ పదునైనది. ఒకడు నిషేధించిన మాంసం ముట్టడు, కాని అనుమతించిన మాంసాన్నే గొంతుదాకా మెక్కుతాడు, ద్రాక్షారసం ఒళ్లు తెలియకుండా తాగుతాడు, నోటికి వచ్చినట్టు మాట్లాడతాడు; శాస్త్రంలో వాడిని పట్టుకునే నియమం ఒక్కటీ దొరకదు. అటువంటివాడిని ఆయన 'శాస్త్రం ఇచ్చిన అనుమతిలోనే నీచుడు' అన్నాడు. నిషేధాలన్నీ చెప్పిన తర్వాత, మిగిలిన చోట కూడా మితం పాటించమని చెప్పడానికే ఈ వాక్యం వచ్చిందని ఆయన అభిప్రాయం. నాకు ఇది రాషి అర్థం కంటే బలంగా తోస్తుంది. రాషి ఈ వాక్యాన్ని ప్రధానంగా నిషిద్ధ లైంగిక సంబంధాలకూ పాపానికీ దూరంగా ఉండమని చదివాడు. రాంబాన్ దాన్ని భోజనపు బల్ల దాకా తెచ్చాడు.

మరొక సభ్యుని వ్యాఖ్య

యూదులు ప్రతి చిన్న పనికీ ఒక ఆశీర్వచనం చదువుతారని విన్నాను. ఈ 'కదోష్' ధాతువు అందులో ఉంటుందా?

జవాబు

కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, ఆ తేడా గమనించదగినది. ఆజ్ఞను నెరవేర్చేముందు చెప్పే ఆశీర్వచనంలో "తన ఆజ్ఞలచేత మమ్మును పవిత్రపరచి" అనే అర్థం వచ్చే 'అషేర్ కిద్దెషాను బెమిట్స్వోతావ్' అనే భాగం ఉంటుంది. విశ్రాంతిదినపు దీపాలు వెలిగించేటప్పుడు, గుమ్మానికి మెజూజా (లేఖన వాక్యాలు రాసిన చుట్ట) బిగించేటప్పుడు, భోజనానికి ముందు చేతులు కడుక్కునేటప్పుడు అది వినిపిస్తుంది. రొట్టె తినేటప్పుడు మాత్రం "భూమిలోనుండి ఆహారము పుట్టించువాడా" అని స్తుతిస్తారే గాని ఆ భాగం చేర్చరు, ఎందుకంటే మామూలు రోజున రొట్టె తినమని ఆజ్ఞ లేదు. పస్కా పండుగ రాత్రి పులియని రొట్టె తినడం ఆజ్ఞ కాబట్టి, ఆ రాత్రి రెండు ఆశీర్వచనాలూ చెబుతారు.

మరుగుదొడ్డికి వెళ్లివచ్చి చేతులు కడుక్కున్నాక చెప్పే ఆశీర్వచనం కూడా ఒకటుంది. తల్మూదులో అబయే అనే పండితుని పేరుమీద ఉన్న ఆ వాక్యం, దేహంలో రంధ్రాలనూ నాళాలనూ జ్ఞానంతో కల్పించినవాణ్ణి స్తుతిస్తూ, వాటిలో మూసుకోవలసినది తెరుచుకున్నా, తెరుచుకోవలసినది మూసుకున్నా మనిషి నిలవలేడని అంటుంది. మన పూజా విధానాల్లో ఇటువంటి సందర్భానికి కృతజ్ఞత చెప్పే వాక్యం నాకైతే కనబడలేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

అసలు ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. పైన చెప్పుకున్న పనుల్లో పొలం ఓర వదలడానికి, కూలి సకాలంలో ఇవ్వడానికి, త్రాసు సరిగా పెట్టడానికి ఆశీర్వచనం లేదు. దానం ఇచ్చేముందు కూడా చదవరు. బార్సిలోనాకు చెందిన పండితుడు రష్బా (1235–1310) దీనికి చెప్పిన కారణం ఏమిటంటే, ఆ పని ఇచ్చేవాడి ఒక్కడి చేతిలో లేదు, పుచ్చుకునేవాడు వద్దంటే అది జరగదు. జరుగుతుందో లేదో తెలియని పనికి ముందుగా దేవుని పేరు ఎత్తరాదు.

మొదట ప్రశ్న వేసినవారు

చివరిగా వ్యాకరణం గురించి ఒకటి. 'తిహ్యూ' ఆజ్ఞేనా, లేక 'ఉంటారు' అనే వాగ్దానమా? చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూద సమాజం ఉందని తెలుసు కాబట్టి, తెలుగులో చదివే యూదులకు కూడా ఇది పనికివచ్చే ప్రశ్నే అనుకుంటున్నాను.

జవాబు

రూపాన్ని బట్టి రెండూ కావచ్చు. హీబ్రూలో ఈ క్రియారూపం 'ఉంటారు' అనే భవిష్యత్తునూ, 'ఉండండి' అనే విధినీ ఒకేలా తెలుపుతుంది, సందర్భాన్ని బట్టి అర్థం తీసుకోవాలి. వరుసగా వచ్చే వచనాలన్నీ విధులే కాబట్టి మన అనువాదకులు 'ఉండవలెను' అనడం సరైనదే. అయితే ఆజ్ఞ అన్న తర్వాత అది ఎన్నో ఆజ్ఞ అనే ప్రశ్న వస్తుంది. ధర్మశాస్త్రంలోని 613 ఆజ్ఞలను వరుసగా లెక్కించిన మైమోనిదీస్ (1138–1204), ఆ లెక్కకు పెట్టుకున్న సూత్రాల్లో నాలుగవ దానిలో ఈ వాక్యాన్ని పేరెత్తి పక్కన పెట్టాడు. ఫలానా పని చెయ్యమని అది చెప్పదు; మిగిలిన ఆజ్ఞలన్నీ చెయ్యమని మాత్రమే చెబుతుంది. అందువల్ల ఆయన జాబితాలో తూనికరాళ్లకూ, కూలికీ, పరిగెకూ వేరువేరు సంఖ్యలున్నాయి, "పరిశుద్ధులై యుండవలెను" అనే దానికి సంఖ్య లేదు.