ఆరు గంటల హెమింగ్వేలో రచయిత ఎన్ని గంటలు?

నాన్‌డీటెయిల్డ్

మూడు రాత్రులు పట్టింది. కెన్ బర్న్స్, లిన్ నోవిక్ కలిసి అమెరికన్ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే మీద తీసిన డాక్యుమెంటరీ. 2021 ఏప్రిల్‌లో అమెరికాలో పీబీఎస్ టీవీలో వచ్చింది, నాకు ఇప్పటికి కుదిరింది. మూడు భాగాలు, ఒక్కోటీ రెండు గంటలకు అటూ ఇటూ. 1899లో షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో పుట్టిన దగ్గర్నుంచి 1961 జూలై 2న ఐడహోలోని కెచమ్‌లో ప్రాణం తీసుకున్నదాకా వరసగా చెప్పుకుంటూ పోతారు. ఆయన మాటలు జెఫ్ డేనియల్స్ చదివాడు, మూడో భార్య మార్తా గెల్‌హార్న్ మాటలు మెరిల్ స్ట్రీప్ చదివింది.

తీసిన తీరుకి వంక పెట్టను. నా గొడవ వేరే. నాలుగు పెళ్లిళ్లు, తాగుడు, వేట, ఎద్దుల పోట్లాటలు, యుద్ధాలు, విమాన ప్రమాదాలు. వీటికి కావలసినంత సమయం. ఒక వాక్యం అలా ఎందుకు కుదిరింది అన్నదానికి మాత్రం మొత్తం మీద గంటన్నర ఇచ్చారో లేదో. (గడియారం పెట్టుకుని లెక్కేయలేదు, నిలదీయకండి.) పెళ్లి రాగానే కథ పరుగెడుతుంది, పుస్తకం రాగానే రెండు పేరాలు చదివేసి ముందుకి పోతారు. డిగ్రీలో ఈయన ముసలి జాలరి నవల, 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ', మాకు నాన్‌డీటెయిల్డ్. ఆయన నాకు తెలిసింది ఆ చేప వల్ల, పెళ్లాల వల్ల కాదు. రచయిత మీద తీసే సినిమా దేని గురించి ఉండాలంటారు? చూసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక

"పెళ్లాల వల్ల కాదు" అని భలే తేలిగ్గా అనేశారు సర్. 1922 డిసెంబర్‌లో మొదటి భార్య హ్యాడ్లీ ఆయన రాతప్రతులన్నీ, కార్బన్ కాపీలతో సహా, పెట్టెలో సర్దుకుని పారిస్‌లో రైలెక్కింది. గార్ ద లియోన్ స్టేషన్‌లో ఆ పెట్టె పోయింది. దాదాపు అంతా పోయి మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. ఇది పెళ్లాం సంగతా, రాత సంగతా? రెండో భార్య పోలీన్ బాబాయి గస్ ఫైఫర్ డబ్బు పెట్టకపోతే కీ వెస్ట్‌లో ఇల్లు లేదు, 1933లో ఆఫ్రికా వేట లేదు, ఆ వేటలోంచి పుట్టిన కథలూ లేవు.

ఇక మార్తా. ఆమె కోలియర్స్ పత్రికకి యుద్ధ వార్తలు రాసేది. 1944లో ఈయన అదే పత్రికకి వెళ్లి తన పేరు ఇచ్చేసుకున్నాడు, ఆవిడ చోటు పోయింది. ఆవిడ ఊరుకోలేదు. ఆసుపత్రి ఓడలో ఎక్కి మరుగుదొడ్డిలో దాక్కుని, ఫ్రాన్స్‌లో సేనలు దిగుతున్న నార్మండీ తీరానికి వెళ్లి, గాయపడినవాళ్లని మోయడానికి తీరం మీద దిగింది. ఈయన పడవలో తీరం దగ్గరిదాకా వెళ్లాడు గానీ నేల మీద కాలు పెట్టలేదు. ఆరు గంటల్లో ఈ ముక్కకి ఇచ్చిన సమయం నాకైతే చాలలేదు.

ఎల్లందు

సర్, అక్కా, మీరిద్దరు ఒకటే సైడున్నరు, మీకే తెలుస్తలేదు. నాకైతే గిది ఆరు గంటల సన్మాన సభ లెక్క కొట్టింది. శాలువ ఒక్కటే తక్కువ. పాత ఫోటో మీద కెమెరా మెల్లగ జరుగుతది, వెనకాల సంగీతం, పైనుంచి పీటర్ కోయోట్ గొంతు. గట్ల చూపిస్తే మా ఊరి పోస్ట్‌మాస్టర్ గూడ మహానుభావుడే అయితడు. 1926 నవలల యూదు పాత్ర రాబర్ట్ కోన్‌ను ఎంత ఎటకారంగ రాసిండో చెప్పిన్రు, చెప్పి పక్కకు జరిగిన్రు.

ఇంకోటి. గిది టీవీల రాకముందే, 2021 మార్చిల, 140 మందికి దగ్గర డాక్యుమెంటరీలు తీసేటోళ్లు పీబీఎస్‌కు ఉత్తరం రాసిన్రు. ఒక్క బర్న్స్‌కే గింత టైము, గింత పైసలా, తెల్లోళ్లు కాని మా కథలకు జాగా ఏది అని. హెమింగ్వే మంచోడా చెడ్డోడా అన్నది తర్వాత ముచ్చట. ఆరు గంటలు ఎవరికి దొరుకుతయన్నది ముందు ముచ్చట.

నేపర్‌విల్ నాన్న

ఉత్తరం సంగతి నిజమే తమ్ముడూ, న్యాయమైన ప్రశ్నే. సన్మాన సభ అంటే మాత్రం ఒప్పుకోను. మా ఇంటి నుంచి ఓక్ పార్క్ ముప్పావు గంట. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మా పాపకి స్కూల్ ప్రాజెక్టు ఉంటే తీసుకెళ్లాను. అంతకుముందు నాకు హెమింగ్వే అంటే గడ్డం, తుపాకీ, గ్లాసు. ఆ రోజుల్లో మగపిల్లలకి గౌన్లు వేయడం మామూలే. కానీ వాళ్లమ్మ గ్రేస్ అక్కడితో ఆగలేదు. ఏడాదిన్నర పెద్దదైన అక్క మార్సెలిన్‌తో కలిపి కవలల్లా పెంచింది. ఇద్దరూ ఒకే క్లాసులో ఉండాలని అక్కని బడిలో వెనక్కి ఆపింది కూడా.

డాక్యుమెంటరీ ఈ పోగుని వదల్లేదు. ఆయన పోయిన పాతికేళ్లకి, 1986లో అచ్చయిన ఒక నవల ఉంది. అందులో భార్యాభర్తలు ఒకేలా జుట్టు కత్తిరించుకుంటారు, రాత్రిళ్లు ఆమె అతను, అతను ఆమె. మగతనానికి బొమ్మగా నిలబెట్టిన మనిషి ఇంట్లో దాచుకున్న కాగితాలు ఇవి. సన్మానం చేసేవాళ్లు వీటిని బయటికి తీయరు.

ఐరిష్ రచయిత్రి ఎడ్నా ఓబ్రయన్ మాట్లాడినంతసేపూ నేను ఫోన్ ముట్టుకోలేదు. ఆడవాళ్లంటే పడని రచయిత అని కొట్టిపారేసేవాళ్లకి ఆవిడ మిషిగన్ నేపథ్యంలో ఆయన రాసిన తొలి కథ 'అప్ ఇన్ మిషిగన్' చూపించి, ఇందులో అమ్మాయి వైపు నుంచి ఎంత రాశాడో చూడండి అంటుంది.

నాన్‌డీటెయిల్డ్

ఆవిడే నా జాలరిని తీసిపారేసింది కదండీ! ఆ నవల ఆవిడకి ఆనలేదు. మరియో వర్గాస్ యోసా వచ్చి దాన్ని ఆకాశానికెత్తాడు కాబట్టి నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

హాస్యం కాదు, నేను అడిగేది అదే. ఇద్దరు పెద్ద రచయితలు ఒకే పుస్తకం దగ్గర ఎడమొహం పెడమొహం. అక్కడ ఆగాలి కదా. ఆ పుస్తకంలో ఒక పేజీ తెర మీద పెట్టి ఆవిడకి ఎందుకు నచ్చలేదు, ఆయనకి ఎందుకు నచ్చింది అని తవ్వాలి. తవ్వరు. తర్వాతి ఫోటోకి వెళ్లిపోతారు.

పాత పుస్తకాల షాపు

చలం విషయంలో మనం చేసేదీ ఇదే. మనిషిని తిట్టడానికి పుస్తకం, పుస్తకాన్ని తిట్టడానికి మనిషి.

కృష్ణలంక

చలాన్ని వదిలేయండి బాబూ, ఈ థ్రెడ్ కూడా సంక్రాంతి దాకా నడుస్తుంది.

సర్, రాత గురించి లేదంటే ఎలా? రాతప్రతులు చూపించారుగా. బోస్టన్‌లో కెనెడీ లైబ్రరీలో ఉన్న కాగితాలు. కొట్టివేతలు, పక్కన ఇరికించిన మాటలు, మళ్లీ కొట్టివేత. 1929 నవలకి ముగింపు 39 సార్లు రాశానని ఆయన ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 2012లో మనవడు ఆ కాగితాలన్నీ వెతికి పుస్తకంలో వేస్తే 47 తేలాయి. నటి పెళ్లి చూస్తున్నంత ఆసక్తిగా చూశాను నేను ఆ కొట్టివేతల్ని. మీకు కనబడలేదంటే టీ పెట్టుకోడానికి లేచుంటారు.

నాన్‌డీటెయిల్డ్

లేవలేదండీ. సినిమా మొత్తం మీద నాకు నచ్చినవి ఆ నిమిషాలే. అవి ఇంకో గంట ఉండాలన్నదే నా గోల.

నైట్‌డ్యూటీ

ఆలస్యంగా వచ్చాను, డ్యూటీలో ఉన్నా. సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను, ఆ కళ్లతో చూశాను. మూడో భాగంలో తలకి తగిలిన దెబ్బల లెక్క వస్తుంది. 1918లో ఇటలీలో మోర్టార్ గుండు పేలింది, అప్పటికాయనకి పంతొమ్మిదో ఏడు కూడా నిండలేదు. 1944లో లండన్‌లో కారు ప్రమాదం. 1954 జనవరిలో ఆఫ్రికాలో రెండు రోజుల్లో రెండు విమానాలు కూలాయి. రెండోదాంట్లో తలుపు బిగుసుకుపోతే తలతో కొట్టి తెరుచుకుని బయటపడ్డాడు. పుర్రె పగిలింది. పత్రికలు చనిపోయాడని వేసేశాయి, వాటిని ఆయనే కూర్చుని చదువుకున్నాడు. దీనికి తాగుడు, నిరాశ, 1928లో తండ్రి కూడా ఇలాగే ప్రాణం తీసుకున్న వంశం. చివర్లో మేయో క్లినిక్‌లో కరెంటు షాక్ చికిత్స.

డాక్టర్ ఆండ్రూ ఫారా అనే సైకియాట్రిస్టు ఈ దెబ్బల వల్లే మెదడు పాడైందని వాదిస్తాడు. నాకు సబబుగానే అనిపించింది. కానీ చనిపోయిన మనిషికి అరవై ఏళ్ల తర్వాత ఉత్తరాలు చూసి జబ్బు పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. మెదడు పరీక్ష చేసినవాళ్లు లేరు.

ఒక్క చోట మాత్రం ఊపిరి బిగబట్టాను. 1954లో నోబెల్ ప్రకటించాక ఎన్‌బీసీవాళ్లు హవానా దగ్గర ఆయన ఇంటికి కెమెరా తీసుకెళ్లారు. ప్రశ్నలు ముందే ఇచ్చారు, జవాబులు అట్టల మీద రాసి పట్టుకున్నారు. ఆయన చదువుతాడు. ఆఫ్రికా గురించి, "కామా", అక్కడి మనుషుల గురించి, "కామా", జంతువుల గురించి, "కామా". చివర్లో "పీరియడ్" అని కూడా పైకి చదివాడు. చూపు అట్ట మీదే. నవ్వు లేదు, తడబాటు గమనించిన గుర్తూ లేదు. అనవసరమైన మాట ఒక్కటి ఉండనివ్వని మనిషి విరామచిహ్నాలు వల్లె వేస్తున్నాడు.

నేపర్‌విల్ నాన్న

ఆ సీన్ మీద మాకూ ఇంట్లో గొడవైంది డాక్టరమ్మా. అది జబ్బు కాదు, సిగ్గు అంటుంది మా ఆవిడ. ఆయనకి మొదట్నుంచీ నలుగురిలో మాట్లాడటం గిట్టదు. నోబెల్ తీసుకోడానికి స్టాక్‌హోమ్ కూడా వెళ్లలేదు, ప్రసంగం రాసి పంపితే స్వీడన్‌లో అమెరికా రాయబారి చదివాడు. కెమెరా ముందు నిలబెడితే మనలో సగం మంది అలాగే బొమ్మలైపోతాం అంటుంది.

నైట్‌డ్యూటీ

ఆంటీ చెప్పింది కొట్టిపారేయలేను. గాయాలు తగ్గని ఏడాది అది, స్టాక్‌హోమ్ వెళ్లకపోవడానికి అదీ కారణమే. సిగ్గు ఎంత, దెబ్బ ఎంత అని ఆ ఒక్క నిమిషం చూసి నేను చెప్పలేను. కానీ 1961 ఫిబ్రవరికి వచ్చేసరికి అనుమానం లేదు. కొత్త అధ్యక్షుడు కెనెడీకి ఇచ్చే పుస్తకంలో నాలుగు ముక్కలు రాయమంటే రోజుల తరబడి కూర్చుని, రాయలేక, తన డాక్టరు ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అక్కడ కెమెరా లేదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు.

కృష్ణలంక

బాధేసింది, కాదనను. కానీ తల్లీ, తలకి దెబ్బలు ఎక్కువగా తగిలింది 1944 తర్వాతే అని నువ్వే చెప్పావు. హ్యాడ్లీని వదిలేసి ఆమె స్నేహితురాలిని కట్టుకున్నది 1927లో. అప్పుడు ఏ విమానం కూలింది? జబ్బు పడ్డాక నోటి దురుసు పెరిగిందంటే నమ్ముతాను. మొదట్నుంచీ ఉన్నదాన్ని కూడా జబ్బు ఖాతాలో రాస్తే ఊరుకోను.

నైట్‌డ్యూటీ

అది కరెక్ట్ మేడమ్. జబ్బు కారణం అవుతుంది, మాఫీ కాదు. సినిమా చివరి గంటలో సంగీతం ఈ రెంటినీ కలిపేసింది, నా ఫిర్యాదు కూడా అదే.

నాన్‌డీటెయిల్డ్

డాక్టరమ్మా, నాలుగు రోజుల్నుంచి నేను రాత గురించి లేదు లేదు అని అరుస్తున్నాను. ఆ కామా సీను రాత గురించే కదా, దాన్ని మాత్రం జబ్బు లెక్కలో చూసి వదిలేశాను. పొద్దున మళ్లీ పెట్టుకుని చూశాను. ఎనిమిదో వంతే నీటి పైకి కనబడాలి, మిగతాది లోపలే ఉండాలి అని మంచుకొండ పోలిక చెప్పిన మనిషి ఆయన. ఇక్కడ లోపలిదంతా, చివరికి కామాలతో సహా, పైకి తేలిపోయింది.

గంటన్నర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. గంటా నలభై నిమిషాలు.

ఎల్లందు

ఆగున్రి ఆగున్రి. గీ కామా సీను ఏ పార్టుల ఉన్నది?

నేపర్‌విల్ నాన్న

మూడో భాగం తమ్ముడూ. ఎందుకు?

ఎల్లందు

ఏం లేదన్నా. నేను రెండే చూసిన. సన్మాన సభ అన్న మాట ఇయ్యాల రాత్రి దాక పెండింగ్ పెట్టున్రి.