ప్లీజ్ పెట్టినా ఇంగ్లీషు కామెంట్ దురుసుగా ఎందుకుంటోంది?

ప్రశ్న:
గిట్‌హబ్‌లో (సాఫ్ట్‌వేర్ కోడ్ పంచుకునే సైటు) ఒక ప్రాజెక్టు కింద ఈ కామెంట్ పెట్టాలి: "ప్లీజ్ ఫిక్స్ దిస్ సూన్. ఐ హావ్ ఎ డౌట్. వై డిడ్ యూ రిమూవ్ దిస్ ఆప్షన్?" వ్యాకరణం సరిగానే ఉంది కదా, మర్యాద ఎక్కడ తగ్గిందో చెప్పగలరా?

జవాబు 1:
మన మర్యాదంతా క్రియ చివరి "అండి"లో ఉంటుంది. "చూడండి" అంటే చాలు. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. అందుకే "ఫిక్స్ దిస్" ముందు ప్లీజ్ చేర్చినా అది ఆజ్ఞే. కాదనే వీలు అవతలివాళ్ళకు ఉండేలా ప్రశ్నగా మార్చండి: "కుడ్ యూ టేక్ ఎ లుక్ వెన్ యూ హావ్ టైమ్?" కెన్ కన్నా కుడ్ మెత్తన. "ఒక మాట అడుగుదామనుకున్నానండి" అని మనమూ గతంలోకి నెట్టే అడుగుతాం కదా, "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్" కూడా అంతే.

"సూన్" తీసేయండి. ఇలాంటి ప్రాజెక్టులు చాలావరకు జీతం లేకుండా, తీరిక వేళల్లో చేసేవి.

జవాబు 2:
అసలు చిక్కు "డౌట్". మన క్లాసుల్లో సందేహం అడగడానికి వాడతాం. అమెరికా, బ్రిటన్‌వాళ్ళకు అది అపనమ్మకంలా వినిపిస్తుంది. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనండి. "వై డిడ్ యూ" నిలదీసినట్టుంటుంది. "వాట్ వాజ్ ద రీజన్ ఫర్ రిమూవింగ్ దిస్ ఆప్షన్?" అంటే మనిషి పక్కకు తప్పుకుని పని మిగులుతుంది. తప్పు చూపేటప్పుడూ ఇదే పద్ధతి: "యూ ఆర్ రాంగ్" వద్దు, "ఐ థింక్ దిస్ లైన్ మే బి ఇన్‌కరెక్ట్" చాలు.

జవాబు 3:
అలాగని "రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" వైపు వెళ్ళకండి. అది మన ఆఫీసు ఉత్తరాల భాష. పైగా అవతల ఉన్నది ఆవిడ కావచ్చు. "హాయ్" చాలు. మెత్తని మాట వాక్యానికి ఒకటే. కుడ్, మే బి, పర్‌హాప్స్ అన్నీ ఒకేచోట కుక్కితే అడిగిందేమిటో తెలియదు. వెర్షన్ నంబరు, తప్పు ఏ వరుసలో వచ్చింది, ఎర్రర్ మాటలు యథాతథంగా ఇవ్వండి. వాళ్ళ సమయం మిగల్చడం కన్నా మర్యాద లేదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
మార్చానండి. "రీస్టార్ట్ చేశారా?" అని వాళ్ళు అడిగితే "ఆఫ్ కోర్స్" అనొచ్చా?

జవాబు 2:
వద్దండి. "ఆమాత్రం తెలీదా" అన్నట్టు తగులుతుంది. "యెస్, ఐ డిడ్. సేమ్ ఎర్రర్" అని రాయండి.