శొంఠి లేని కషాయం: ‘లేదు’నా, ‘కాదు’నా?

అరుగుమీద:
మిషిగన్‌లో అక్టోబరు వచ్చిందంటే యాపిల్ రసం పిండే సైడర్ మిల్లుల దగ్గర జనం బారులు తీరతారు. మేం మాత్రం తోట నుంచి మెకింతోష్, జొనథన్, గ్రానీ స్మిత్ యాపిల్స్ కలిపి తెచ్చుకుని ఇంట్లోనే కాచుకుంటాం. కాయలు తొక్కతోనే ముక్కలు కోసి, మునిగేదాకా నీళ్లు పోసి, దాల్చినచెక్క, లవంగాలు, ఆల్‌స్పైస్ గింజలు పల్చటి గుడ్డలో మూటగట్టి పడేసి, సన్నసెగ మీద రెండు మూడు గంటలు ఉంచుతాం. మొన్న మా అత్తయ్య గారు గిన్నెలోకి తొంగి చూసి ‘శొంఠి వెయ్యలేదా? శొంఠి లేనిది కషాయం కాదు’ అన్నారు. మా తాతయ్య నోట విన్నది ‘శొంఠి లేని కషాయం లేదు’ అని లీలగా గుర్తు. అప్పటి నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. ఏది అసలు పాఠం?

కవిలెకట్ట:
‘లేదు’. ‘లేని, లేదు’ అని మాట తిరిగి రావడంలోనే ఆ సామెత బలమంతా ఉంది. అర్థమూ వేరే. ‘లేదు’ అంటే వైద్యుడు ఏ కషాయం చెప్పినా అందులో శొంఠి తప్పదని. ఊళ్లో ఏ పంచాయితీ జరిగినా అక్కడ తేలే మనిషిని ఉద్దేశించి అనే మాట అది. ‘కాదు’ అంటే శొంఠి పడందే దానికి కషాయమన్న పేరే రాదని. అది మందు గురించిన మాట, మనిషి గురించి కాదు. అమరకోశంలో శొంఠికి విశ్వభేషజమని పేరు. అన్నిటికీ పనికొచ్చే మందు! ‘లేదు’కి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

వంటింటి వసారా:
‘లేనిది’లోని ఆ ‘ది’ని అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. మా ఇళ్లలో బాలింతకి మందు నూరేటప్పుడు పెద్దవాళ్లు ‘లేనిది... కాదు’ అనే గట్టిగా అనేవాళ్లు. సామెత పుట్టింది పొయ్యి దగ్గర, పంచాయితీలో కాదు. అన్నట్టు అరుగుమీద గారూ, దాల్చినచెక్క పొడి మాత్రం ఎప్పుడూ వెయ్యొద్దు, ఉడికాక జిగురు తేలుతుంది. లవంగాలు నాలుగైదు చాలు, మించితే ఇంకే రుచీ తెలియదు. ముక్కలు మెదిపాక గుడ్డలో వాటంతట అవే కారనివ్వండి, పిండితే మడ్డి దిగుతుంది. శొంఠి కొమ్ము నలగ్గొట్టి వెయ్యండి. పచ్చి అల్లం దానికి సాటి రాదు. అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్ ఎండేకొద్దీ కొంత షోగాల్‌గా మారుతుంది, దీని ఘాటు ఎక్కువ. ఆ షోగాల్ అన్న పేరు కూడా జపాను వాళ్లు అల్లాన్ని పిలిచే మాట నుంచి వచ్చిందే.

గోదారిగట్టు:
అందరూ శొంఠి దగ్గరే ఆగిపోయారు. కషాయం సంగతి చూడండి. ఆరు రుచుల్లో వగరుకి సంస్కృతంలో పేరు కషాయం. కాషాయం రంగు పేరూ ఈ మాట నుంచే. కోసిన యాపిల్ ముక్క గాలి తగిలి గోధుమరంగుకి తిరుగుతుంది చూశారా, దానికి కారణం కాయలో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు. కాయకి వగరూ వాటి వల్లే. సైడర్‌కి ఆ మబ్బు మబ్బు గోధుమరంగూ అక్కడిదే. రుచి కషాయం, రంగు కషాయం, కాచిన తీరు కషాయం. శొంఠి పడినా పడకపోయినా ఇది కషాయమే.

కవిలెకట్ట:
గోదారిగట్టు గారూ, ఆయుర్వేద గ్రంథం రాసిన శార్ఙ్గధరుడి లెక్క ప్రకారం కషాయమంటే ఒక పాలు దినుసుకి 16 పాళ్ల నీళ్లు పోసి ఎనిమిదో వంతుకి దించాలి. సైడర్‌ని ఆ దరిదాపులకి ఇగరబెడితే కషాయం కాదు, పాకం అవుతుంది. న్యూ ఇంగ్లండ్‌లో దాదాపు ఏడో వంతుకి ఇగరబెట్టి ‘బాయిల్డ్ సైడర్’ అని నిలవ చేసుకుంటారు కూడా. తీపి రసంలో సుగంధద్రవ్యాలు పడితే మనకున్న మాట పానకం.

గోదారిగట్టు:
పానకాన్ని పొయ్యెక్కించడం ఎక్కడైనా ఉందా? మంగళగిరి పానకాలస్వామికి పోసేది బెల్లం నీళ్లే కదా, కాచింది కాదే.

అరుగుమీద:
ఇంగ్లండులో సైడర్ అంటే పులియబెట్టినదే. ఇక్కడ దాన్ని హార్డ్ సైడర్ అంటారు, ఉత్త సైడర్ అంటే వడబోయని తీపి రసం. పానకం అంటే పిల్లలకీ పొయ్యొచ్చని ఆ మాటలోనే తెలిసిపోతుంది, అందుకే నాకు అదే నచ్చింది. మరి నా ‘లేదు, కాదు’ సంగతి?

నల్లమల:
పరాయి నేల, పరాయి పానీయం అనేసరికి కన్నడ రాజ్యంలో శ్రీనాథుడు చెప్పిన చాటువే నాకు గుర్తొస్తుంది. ‘చల్లా యంబలి ద్రావితిన్’. బడిలో దీన్ని చల్లటి అంబలి అని చెప్పారు. నాకు ఏనాడూ మింగుడుపడలేదు. ఆ ‘ల్లా’ దీర్ఘం దేనికి?

కవిలెకట్ట:
చల్ల అంటే మజ్జిగ. చల్లా, అంబలీ రెండూ తాగానంటున్నాడు.

నల్లమల:
రెండూ అయితే ‘అంబలి’ కూడా సాగాలి, లేదా ‘యున్’ పడాలి. పై పాదంలో ‘వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్’ అని రెండింటికీ విభక్తి తప్పకుండా పెట్టిన కవి ఇక్కడెందుకు వదిలేస్తాడు? ఇది ఒకటే వంటకం, చల్ల కలిపిన అంబలి.

గోదారిగట్టు:
ఒకటే అయితే సంధి జరిగి ‘చల్లంబలి’ అవ్వాలి. యడాగమం (మధ్యలో ‘య’) వచ్చిందంటే చల్ల వేరు, అంబలి వేరు.

నల్లమల:
ఆయనదే అని చెప్పుకునే పల్నాటి చాటువులో ‘జొన్నకలి జొన్నయంబలి’ ఉంది కదండీ. అక్కడ యడాగమం ఉన్నా జొన్న వేరు, అంబలి వేరు అని ఎవరూ అనరు. అంబలి లేని శ్రీనాథుడు లేడు, ఆయన మాట తూచి వేస్తాడు.

కవిలెకట్ట:
ఆ పద్యం కందం. ‘లిజొన్న’ జగణం (లఘువు, గురువు, లఘువు) కుదరాలంటే ‘న్న’ లఘువే కావాలి. ఇది శార్దూలం, మొదటిది మగణం, మూడూ గురువులే. ‘ల్ల’ని కురచగా ఉంచితే గణం విరిగిపోతుంది. దీర్ఘం ఛందస్సు కోసం వచ్చిందే.

నల్లమల:
గణం కోసం అచ్చు సాగదీసే కవి కాదు ఆయన. అంతగా గురువు కావాలంటే ఇంకో మాట దొరక్కపోదు. ‘చల్లా’ అని అప్పట్లో ఒక రూపం వాడుకలో ఉండే ఉంటుంది. చల్లాపులుసు అంటున్నాం కదా ఈనాటికీ, అక్కడ ఏ గణం అడిగింది దీర్ఘాన్ని?

వంటింటి వసారా:
మా వైపు అది చల్లపులుసే. దీర్ఘం ఏ జిల్లాలో వింటున్నారో ముందు చెప్పండి.