క్లాసు సగటును బట్టి టీచర్లకు ఇంక్రిమెంట్: ఇది పనిచేస్తుందా?

నల్లబల్ల (ప్రశ్న):
ఒకటి నుంచి పదో తరగతి దాకా ఉన్న ఒక స్కూల్లో యాజమాన్య కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. వచ్చే ఏడాది నుంచి అందరికీ ఒకేలా ఇచ్చే ఇంక్రిమెంట్ ఆపేస్తారు. వార్షిక పరీక్షలో క్లాసు సగటు 75 మార్కులు దాటించిన టీచర్లకే జీతం పెంచుతారు. ప్రాణం పెట్టి చెప్పేవాళ్లకీ కాలక్షేపం చేసేవాళ్లకీ ఒకే జీతం ఇవ్వడం అన్యాయమన్నది వాళ్ల వాదన. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఓటు వేసే ముందు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఇలాంటి పద్ధతి ఎక్కడైనా నిజంగా ఫలితమిచ్చిందా? క్లాసు సగటుతో కొలవడం సరైనదేనా? ఎక్కడ బెడిసికొడుతుంది? అభిప్రాయాల కంటే ఆధారాలు చెబితే ఎక్కువ ఉపయోగం.

సుద్దముక్క:
ఫలితమిచ్చిన చోట్లు ఉన్నాయండీ. వాటిలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, గ్రామాల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మొదలైన ప్రయోగం. దాని ఫలితాలు వెల్లడించినవారు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. లాటరీ తీసి వంద స్కూళ్లలో ఒక్కో టీచరుకు విడిగా, మరో వంద స్కూళ్లలో స్కూలు మొత్తానికి కలిపి బోనస్ పెట్టారు. పోలిక కోసం ఇంకో వంద స్కూళ్లను ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. పిల్లల సగటు మార్కుల్లో పెరుగుదల 5 శాతం దాటితే, ఆపైన ప్రతి ఒక్క శాతానికీ 500 రూపాయలు. చివరికి చేతికందిన బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతం దగ్గరే. అయినా రెండేళ్లు తిరిగేసరికి ఆ పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) మేర ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్ మార్కులు కూడా పెరిగాయి.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది వేరే ఉంది. టీచర్ల గైర్హాజరు ఏమీ తగ్గలేదు. మారింది, వచ్చిన రోజున చేసిన పని. అదనపు క్లాసులు, ఎక్కువ హోంవర్కు, ప్రాక్టీసు పరీక్షలు, వెనకబడ్డ పిల్లల మీద శ్రద్ధ. మొదటి ఏడాది విడి బోనసుకీ ఉమ్మడి బోనసుకీ తేడా లేదు. రెండో ఏడాదికి విడి బోనస్ పెట్టిన స్కూళ్లే ముందున్నాయి.

ఫలితమివ్వని చోట్లూ తక్కువేం కాదు. అమెరికాలోని నాష్‌విల్‌లో 2006 నుంచి మూడు విద్యాసంవత్సరాలు లెక్కల టీచర్లకు ఏడాదికి 15,000 డాలర్ల దాకా ఇస్తామన్నారు. మొత్తం మీద చూస్తే పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. న్యూయార్క్‌లో 2007లో మొదలుపెట్టి సుమారు 200 స్కూళ్లలో ఒక్కో టీచరుకు 3,000 డాలర్ల చొప్పున స్కూలుకు కలిపి ఇచ్చారు. పంచుకునే బాధ్యత స్కూళ్లకే వదిలేస్తే ఎక్కువ స్కూళ్లు ఇంచుమించు సమానంగా పంచుకున్నాయి. మార్కులు పెరగలేదు, 2011లో ఎత్తేశారు. కెన్యాలో బహుమతి ముడిపడి ఉన్న పరీక్షలో మార్కులు పెరిగాయి కానీ, పథకం ఆగాక ఆ పెరుగుదల నిలవలేదు.

శ్రమలో లోటు ఉన్నచోట డబ్బు పనిచేస్తుంది. ఇప్పటికే కష్టపడుతూ, ఎలా చెప్పాలో తెలియక ఇబ్బంది పడుతున్న టీచరుకు బోనస్ బోధన నేర్పదు. మీ స్కూల్లో ఉన్న లోటు ఏదన్నది కమిటీ ముందు తేల్చుకోవాలి.

గణాంకాలరాయుడు:
75 సగటు అన్న గీత దగ్గరే అభ్యంతరం చెప్పాలి. అది టీచరును కొలవదు, ఆ క్లాసులోకి ఎలాంటి పిల్లలు వచ్చారన్నదాన్ని కొలుస్తుంది. జూన్‌లోనే 72 దగ్గరున్న సెక్షన్‌ను 76కి తెచ్చిన టీచరుకు ఇంక్రిమెంట్, 40 నుంచి 60కి లాక్కొచ్చిన టీచరుకు సున్నా. రెండేళ్లలో అందరూ మంచి సెక్షన్ల కోసం పైరవీ మొదలుపెడతారు.

కాబట్టి కొలవాల్సింది పెరుగుదలను. అందులోనూ చిక్కులున్నాయి. ఏడాది మొదట్లో టీచరే బేస్‌లైన్ (పెరుగుదలను పోల్చడానికి ఆధారమయ్యే) పరీక్ష పెడితే మార్కులు కావాలనే తక్కువగా పడతాయి. అందుకని నిరుడు బయటివాళ్లు పెట్టిన ఆఖరి పరీక్షనే బేస్‌లైన్‌గా తీసుకోవాలి. 92 తెచ్చుకున్న పిల్లవాడు ఇంకా 8 మార్కులకు మించి పెరగలేడు. మొదటి పరీక్షలో బాగా తక్కువ వచ్చిన పిల్లలకు రెండోసారి ఎవరు చెప్పినా కొంత పెరుగుతుంది. ఈ రెండింటికీ మందు ఒకటే: ఒకే బేస్‌లైన్ మార్కులున్న పిల్లలను గుంపులుగా చేసి, ఎవరి గుంపులో వాళ్లకు ఏడాది చివర ర్యాంకు ఇవ్వడం. ఆ ర్యాంకుల సగటే టీచరు స్కోరు. దీనికి ఒకే తరగతిలో కనీసం మూడు నాలుగు సెక్షన్లు ఉంటేనే అర్థం ఉంటుంది.

ఇంక అదృష్టం సంగతి. క్లాసులో 30 మంది, పిల్లల పెరుగుదలలో ప్రామాణిక విచలనం 15 మార్కులు అనుకోండి. క్లాసు సగటు పెరుగుదలలో పొరపాటు 15ను 30 వర్గమూలంతో భాగిస్తే వస్తుంది: 2.7 మార్కులు. ఇద్దరు టీచర్ల మధ్య తేడాకైతే 3.9. తేడాను నమ్మాలంటే అది ఈ పొరపాటుకు దాదాపు రెండింతలు ఉండాలి. అంటే ఒకరు ఇంకొకరి కంటే 5 మార్కులు ఎక్కువ పెంచారన్నది కూడా నమ్మదగ్గ తేడా కాదు. మూడేళ్లు కలిపితే 90 మంది పిల్లలు, ఆ 3.9 కాస్తా 2.2కి దిగుతుంది. ఒక్క ఏడాది అంకెతో జీతం నిర్ణయించడాన్ని ఏ రకంగానూ సమర్థించలేం.

తనిఖీ:
గీత పెడితే వచ్చే ఇంకో నష్టం, టీచరు చూపు గీత చుట్టూ ఉన్నవాళ్ల మీదే నిలుస్తుంది. పాస్ శాతం పెడితే 30, 35 మార్కుల పిల్లలకే చదువు చెబుతారు. సగటు పెడితే బలహీనమైన పిల్లలు సరిగ్గా పరీక్ష రోజునే 'జ్వరంతో' మానేస్తారు. ఆంధ్ర ప్రయోగంలో దీనికి విరుగుడు ముందే రాసుకున్నారు: మొదటి పరీక్ష రాసి చివరి పరీక్షకు రాని పిల్లల పెరుగుదలను సున్నాగా లెక్కేశారు.

1862లో ఇంగ్లండ్‌లో విద్యా వ్యవహారాలు చూసే రాబర్ట్ లోవ్ తెచ్చిన కోడ్ (గ్రాంట్ల నియమావళి) ప్రకారం, పిల్లల హాజరును బట్టి, చదవడం, రాయడం, లెక్కల్లో ఇన్‌స్పెక్టర్ ముందు పాసైనదాన్ని బట్టి స్కూలుకు గ్రాంటు వచ్చేది. స్కూళ్లు ఆ మూడింటికే పరిమితమై, పుస్తకాన్ని బట్టీ పట్టించాయి. 1890ల్లో వదిలేశారు. అమెరికాలోని అట్లాంటాలో మార్కుల ఒత్తిడి జవాబు పత్రాలు దిద్దేదాకా వెళ్లింది. 2011 నాటి దర్యాప్తు నివేదిక 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు బయటపెట్టింది. 2015లో 11 మంది దోషులుగా తేలారు.

అందుకని పేపరు తయారీ, ఇన్విజిలేషన్, దిద్దడం మూడూ ఆ టీచర్ల చేతిలో ఉండకూడదు. పేపర్ల కట్ట పరీక్ష గదిలోనే విప్పాలి. రెండు సెట్లలో ప్రశ్నల వరుస మార్చాలి. జవాబు పత్రాల మీద పేర్లు కాక కోడ్ నంబర్లు ఉండాలి. నూటికి ఐదుగురికి వారం తర్వాత వేరే పేపరుతో మళ్లీ పరీక్ష పెట్టి మార్కులు పోల్చాలి. వీటికయ్యే ఖర్చు, మనుషులు లేకపోతే పథకం మొదలుపెట్టకపోవడమే మేలు.

నల్లబల్ల:
చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. ఇంక్రిమెంట్‌గా ఇవ్వాలా, బోనస్‌గానా? ఆటల టీచరు, ఒకటి రెండు తరగతుల టీచర్ల సంగతేమిటి?

గణాంకాలరాయుడు:
బోనస్‌గానే ఇవ్వండి. ఇంక్రిమెంట్ బేసిక్‌లో కలిసిపోతుంది. ఒక ఏడాది అదృష్టం కొద్దీ వచ్చింది రిటైరయ్యేదాకా నడుస్తుంది, దానిమీద శాతం చొప్పున లెక్కగట్టేవీ పెరుగుతాయి. బోనస్ ఏ ఏడాదికి ఆ ఏడాదే. మామూలు ఇంక్రిమెంట్‌ను తాకకుండా, ఏడాది జీతంలో 3 నుంచి 5 శాతం మించకుండా పెట్టండి. సూత్రాన్ని జూన్‌లోనే కాగితం మీద రాసి అందరికీ ఇవ్వండి, మధ్యలో మార్చకండి.

డబ్బు ఇచ్చే ముందు ఒక పరీక్ష చేయండి. మీ సూత్రాన్ని గడిచిన రెండేళ్ల మార్కులకు విడివిడిగా వర్తింపజేసి, ఏ ఏడాదికి ఆ ఏడాది టీచర్లను వరుసలో పెట్టండి. మొదటి ఏడాది పైనున్న పదిమందిలో సగం మంది రెండో ఏడాది కింది సగంలో తేలితే, ఆ సూత్రం టీచర్లను కొలవడం లేదని అర్థం. ఈ ఒక్క పట్టిక కమిటీ ముందు పెడితే చర్చ చాలా తేలికవుతుంది.

సుద్దముక్క:
రెండో సందేహానికి: చిన్న తరగతులకీ ఆటలకీ ఈ పథకం కోసమని కొత్త రాతపరీక్షలు పుట్టించకండి. ఆరేళ్ల పిల్లల రాతపరీక్ష మార్కులు టీచరు పనితనాన్ని చెప్పవు. వాళ్లకు క్లాసు పరిశీలనే దారి. ఏడాదికి నాలుగుసార్లు, ముందు చెప్పకుండా, ఇద్దరు వెళ్లాలి. అందులో ఒకరు బయటి స్కూలువారై ఉండాలి. పాఠం ఉద్దేశం పిల్లలకు తెలిసిందా, ఎంతమంది పిల్లలు నోరు విప్పారు, తప్పు చెప్పినప్పుడు టీచరు ఏం చేశారు వంటి ఐదారు అంశాలకు నాలుగు మెట్ల కొలత చాలు. ఇద్దరూ విడివిడిగా మార్కులు వేశాకే పోల్చుకోవాలి. ఒకే పాఠానికి ఇద్దరి మార్కులూ ఒక మెట్టుకు మించి తేడా వస్తుంటే, పరిశీలకులకు శిక్షణ ఇచ్చి మళ్లీ చూసుకునేదాకా ఆ అంకెలను టీచరుకు సలహా ఇవ్వడానికి మాత్రమే వాడండి, జీతానికి కాదు.