కాశీబుగ్గ నుంచి షార్లెట్: కేబుల్ పనివాడు ఇక్కడ ఏ సంఘంలో చేరాలి?

కాశీబుగ్గ ఆపరేటర్, షార్లెట్:

అందరికీ నమస్కారం. అన్నయ్య ఎప్పుడో పెట్టిన గ్రీన్ కార్డు ఇన్నేళ్ళకి వచ్చింది. పోయిన నెల కుటుంబంతో అమెరికాలో, ఈ నార్త్ కరోలినా షార్లెట్‌లో దిగాం. ఊళ్ళో నేను కేబుల్ ఆపరేటర్ని. డిష్‌లూ కంట్రోల్ రూమూ ఉన్న రోజుల నుంచి సెట్‌టాప్ బాక్సుల దాకా అన్నీ చూశాను. ఫైబర్‌నెట్ వచ్చాక ఫైబర్ తీగలు అతికే స్ప్లైసింగ్ కూడా నేనే చేసుకునేవాణ్ణి. మనకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీ, అదే ఎంఎస్‌వో, రేటు పెంచినా, కరెంటోళ్ళు స్తంభాల మీద మన వైర్లు కోసేసినా, ఆపరేటర్ల సంఘం ప్రెసిడెంటుకి ఒక్క ఫోన్ కొడితే మనుషులు బళ్ళేసుకుని దిగిపోయేవారు. ఇక్కడ ఎన్‌సీటీఏ అని పెద్ద సంఘం ఉందట కదా. అందులో చేరితే పని చూపిస్తారా? ఫీజు ఎంతుంటుంది? చేతిలో ఉన్నది కరిగిపోతోంది, టెన్షన్‌గా ఉంది.

సోంపేట అన్న, రాలీ:

తమ్ముడూ, ముందు జేబులో చెయ్యి పెట్టకు. ఎన్‌సీటీఏలో నీకూ నాకూ చోటు లేదు. అది కామ్‌కాస్ట్, చార్టర్, కాక్స్ లాంటి కంపెనీల సంఘం. వాషింగ్టన్‌లో కూర్చుని కాంగ్రెస్ దగ్గరా, టెలికం మీద అజమాయిషీ చేసే ఎఫ్‌సీసీ దగ్గరా వాళ్ళ మాట నెగ్గించడమే దాని పని. తమాషా ఏంటంటే, 1951లో పెన్సిల్వేనియాలోని పాట్స్‌విల్ అనే బొగ్గు గనుల ఊళ్ళో, నీలాంటి చిన్న ఆపరేటర్లే పన్ను గొడవ మీద కూడి దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. చిన్న, మధ్యతరహా ఆపరేటర్లు 1993లో విడిగా ఇంకోటి పెట్టుకున్నారు, ఇప్పుడు దాని పేరు ఏసీఏ కనెక్ట్స్. మన ఆపరేటర్ల సంఘానికి కాస్త దగ్గరగా ఉండేది అదే. కానీ నువ్విప్పుడు ఆపరేటర్‌వి కాదు, పని వెతుక్కుంటున్న టెక్నీషియన్‌వి. అందులోనూ చేరేది కంపెనీలే.

నీకు కావలసింది ఎస్‌సీటీఈ. కేబుల్ ఇంజనీర్లు, టెక్నీషియన్లు మనిషి లెక్కన చేరే సొసైటీ. 1969 నుంచీ ఉంది. కేబుల్ లైను మీద ఇంటర్నెట్ నడిపే డాక్సిస్ ప్రమాణాలు రాసే కేబుల్‌ల్యాబ్స్ అనే సంస్థలో 2021 నుంచి భాగమైంది. ఇదీ ఉద్యోగం ఇప్పించదు, ఆ ఆశ పెట్టుకోకు. అయితే పరీక్షలు పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ప్రమాణాల పుస్తకాలు వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. చాలా కంపెనీలు తమ వాళ్ళకి సభ్యత్వం ఫీజు తామే కడతాయి. అందుకే ఇప్పుడే నీ డబ్బు పెట్టొద్దంటున్నాను.

దానికంటే పనికొచ్చేవి చాప్టర్లు. ప్రాంతానికొకటి ఉంటుంది. మీటింగంటే దండలూ వేదికా ఉండవు. ఎవరో ఓ కంపెనీ గోడౌన్లో కుర్చీలు వేసి, ఫైబర్లో వెలుతురు కొలిచే పవర్ మీటరు మీదో, ఇళ్ళ నుంచి వెనక్కి వచ్చే సిగ్నల్లో గోల (అప్‌స్ట్రీమ్ నాయిస్) మీదో క్లాసు చెబుతారు. సరుకు అమ్మేవాళ్ళు ఫైబర్ అతికే కొత్త ఫ్యూజన్ మెషిన్లు తెచ్చి బల్ల మీద పెడతారు. పక్కన కూర్చున్నవాడు ఏ కంపెనీ సూపర్‌వైజరో అయ్యుంటాడు. కొన్ని చాప్టర్లు కేబుల్-టెక్ గేమ్స్ అని పోటీలు కూడా పెడతాయి. ఫైబర్ అతకడం, ఓటీడీఆర్ అనే ఫైబర్ పరీక్ష మెషిన్ గీత చూసి తెగిన చోటు చెప్పడం, కోయాక్స్ (మామూలు రాగి కేబుల్ వైరు)కి కనెక్టర్ వెయ్యడం, అన్నీ గడియారం పెట్టి చేయిస్తారు. నీకు ఇంగ్లీషులో మాట తడబడినా చెయ్యి తడబడదు కదా. సిగ్గుపడకుండా వెళ్ళు, చూడ్డానికైనా సరే.

ఒకటి మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. మన ఊళ్ళో స్తంభం మీంచి వైరు లాగి, కిటికీ చువ్వకో చుట్టు చుట్టి లోపలికి తోసేస్తే కనెక్షన్ ఇచ్చినట్టే. ఇక్కడ కోయాక్స్ అయితే ఇంటి గోడ దగ్గర గ్రౌండ్ బ్లాకులోంచి వెళ్ళాలి. ఆ బ్లాకు నుంచి రాగి తీగ లాగి, ఇంటి కరెంటు ఎర్తుతో కలిపి క్లాంపుతో బిగించాలి. రెండు ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా ఉంటే పిడుగు పడినప్పుడు టీవీతో సరిపోదు, మనిషికి ముప్పు. ఇది ఎలక్ట్రికల్ కోడ్‌లో ఉన్న మాట. క్లాంపు కింద లోహం మీది రంగు గీకకుండా బిగించేసినా ఇన్‌స్పెక్షన్లో పట్టేస్తారు.

ఫైబర్ వైపే ఉండాలనుకుంటే ఎఫ్‌ఓఏ అని ఇంకో సంస్థ ఉంది, 1995లో పెట్టారు. ఆన్‌లైన్ పాఠాలకి డబ్బు అడగరు. సీఎఫ్‌ఓటీ అనే సర్టిఫికెట్‌కి మామూలుగా స్కూల్లో చేరాలి, కానీ ఇప్పటికే పని చేసినవాళ్ళకి అనుభవం లెక్కలోకి తీసుకునే దారి కూడా పెట్టారు. నీకు అతికేది అదే.

బొబ్బిలి అక్క, అట్లాంటా:

అన్న చెప్పిందంతా సరే. నేను పేరోల్ చూస్తాను కాబట్టి డబ్బు సంగతి చెబుతాను బాబూ. కొత్తవాళ్ళని ముందు పిలిచేది పెద్ద కంపెనీ కాదు, దాని కింద కాంట్రాక్టరు. డబ్ల్యూ-2 (జీతం ఉద్యోగి) మీద పెడతాడా, 1099 (సొంత కాంట్రాక్టు మనిషి) మీదా అని మొదటి ఫోన్లోనే అడుగు. 1099 అంటే వ్యాను నీది, పెట్రోలు నీది, ఇన్సూరెన్స్ నీది, ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండు వైపుల పన్నూ నీదే. కనెక్షన్‌కి ఇంత అని పెద్ద అంకె చెబుతారు. మా చిన్నాన్న కొడుకు అలాగే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. కస్టమరు మళ్ళీ కంప్లైంట్ ఇస్తే చాలు, ఆ కనెక్షన్ డబ్బు వెనక్కి కోసుకునేవాడు. నెలాఖరుకి పెట్రోలు ఖర్చు పోగా చేతికొచ్చింది ఏమీ లేదు.

జీతం గొడవలకి బళ్ళేసుకుని వచ్చేవాళ్ళు కావాలంటే అది యూనియన్ పని. టెలికంలో సీడబ్ల్యూఏ పెద్దది. అయితే నువ్వు చేరిన కంపెనీలో యూనియన్ ఉండాలి, అమెరికాలో మనం ఉన్న ఈ దక్షిణాది రాష్ట్రాల్లో అవి తక్కువే.

ఇంకోటి, పల్లెటూళ్ళ వైపు కూడా చూడు. బీడ్ పథకం కింద కేంద్రం 4,245 కోట్ల డాలర్లు రాష్ట్రాలకి కేటాయించింది, బ్రాడ్‌బ్యాండ్ లేని చోట్ల లైన్లు వెయ్యడానికి. ఎన్‌టీసీఏ అని పల్లె టెలికం కంపెనీల సంఘం ఉంది. అందులో నువ్వు చేరక్కర్లేదు. అందులో ఉన్న కంపెనీలు మీ రాష్ట్రంలో ఏవో చూసుకుని, ఒక్కొక్కరి వెబ్‌సైట్లో ఉద్యోగాల పేజీ తియ్యి.

కాశీబుగ్గ ఆపరేటర్, షార్లెట్:

అన్నా, అక్కా, పెద్ద బరువు దింపారు. ఇంకొక్కటి. నా దగ్గర పోస్టాఫీసులో చేయించిన కేబుల్ ఆపరేటర్ రిజిస్ట్రేషన్ కాగితం, సంఘం ఐడీ కార్డు ఉన్నాయి. ఇక్కడ విలువుంటుందా? రెజ్యూమేలో ఏం రాయాలో తోచట్లేదు. తిత్లీ తుఫానప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్ల కింద పడ్డ వైర్లు ఏరి మళ్ళీ కట్టిన పని కూడా రాయొచ్చా?

సోంపేట అన్న, రాలీ:

ఐడీ కార్డు దాచుకో, ఎవరికీ అక్కర్లేదు. పోస్టాఫీసు కాగితం స్కాన్ తీసి ఉంచు, సొంతంగా నెట్‌వర్క్ నడిపావనడానికి అదే రుజువు. రెజ్యూమేలో తిత్లీ సంగతే అన్నిటికంటే పైన రాయి. 2018 అక్టోబర్, తుఫాను, ఎన్ని కిలోమీటర్ల లైను పునరుద్ధరించావు, ఎన్ని జాయింట్లు అతికావు, కరెంటు లేనప్పుడు జనరేటర్ మీద ఎలా నడిపావు. 2024లో హెలీన్ తుఫాను వచ్చి ఈ రాష్ట్రం పడమటి కొండల్లో లైన్లన్నీ పడగొట్టింది, కాబట్టి చదివేవాడికి ఆ పని అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నువ్వు వాడిన స్ప్లైసర్ మోడల్ పేరు కూడా రాయి, ఇంటర్వ్యూలో అదే అడుగుతారు. లెక్కలు మాత్రం పెంచి రాయకు, మెషిన్ చేతికిచ్చి చేసి చూపించమంటారు. రాసి నాకు పంపితే ఇంగ్లీషు సరిచేస్తాను. ఈలోగా నార్త్ కరోలినా డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకో, అది లేకపోతే చాలాచోట్ల అప్లికేషన్ కూడా తీసుకోరు.