సింగపూర్ సభకు హాలు పోయింది, ఈరోజే తేల్చాలి

సీతమ్మధార, ఉదయం 7:10
రాత్రి సింగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. బ్యానర్ చూసి హాలువాళ్లు బుకింగ్ రద్దు చేశారు. రక్షణ విషయాల మీద సభలకు ఇవ్వరట. సముద్రంలో దేశాల సహకారం గురించి మనం పెట్టుకున్న సభ ఆదివారమే. జ్ఞాపికలు, పూతరేకుల పార్సిల్ సంగతి తర్వాత.

గాజువాక, 7:25
బ్యానర్ మీద యుద్ధనౌక వద్దని ముందే చెప్పాను. ఎవరు విన్నారు?

ఎంవీపీ కాలనీ, 7:31
పెట్టింది నేనే తమ్ముడూ. 1995లో అండమాన్‌లో 4 విదేశీ నౌకాదళాలతో మొదలైన ఉమ్మడి నౌకా విన్యాసం మిలన్‌కి, 2024లో మన విశాఖకి దాదాపు 50 దేశాలు వచ్చాయి. అందులో దాచుకోవలసింది ఏముంది? అలాగైతే సభే మానేయండి.

గాజువాక, 7:34
మానేయమనడం తేలికే. అక్కడ మనవాళ్లు 2 నెలల నుంచి తిరుగుతున్నారు. వాళ్లకేం చెప్తారు?

పెదవాల్తేరు, 8:05
ఇద్దరూ కాస్త ఆగండమ్మా. నిన్న సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే సరంగు గారి దగ్గర కూర్చున్నాను. జీపీఎస్ సెట్టు తువ్వాలులో చుట్టి దాచుకున్నారు. విప్పి, తెర మీద సరిహద్దు గీత చూపించారు. ఇంజిన్ ఆగిపోతే పోటు ఎటు లాగితే బోటు అటే పోతుందన్నారు. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన రాష్ట్రం వాళ్లలో 20 మంది 2020 జనవరికి గానీ వాఘా దాటలేదు. అన్నాళ్లూ ఇక్కడ ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. దేశాలు మాట్లాడుకోవడం ఎందుకో వీళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ముందు సరంగు గారి చేత మాట్లాడిద్దాం. ఓడల సమాచారం దేశాలు పంచుకునే గురుగ్రామ్ కేంద్రం, మన నౌకాదళం వేరే దేశాలతో కలిసి చేసే మలబార్ విన్యాసాలు ఆ తర్వాత నేను చెప్తాను.

ఎంవీపీ కాలనీ, 8:20
మాస్టారూ, సరే. తమ్ముడూ, పొద్దున్నే టెన్షన్‌లో గట్టిగా అనేశాను, ఏమీ అనుకోకు.

గాజువాక, 8:22
పర్లేదక్కా, నేనూ తొందరపడ్డాను.

సీతమ్మధార, 9:40
సింగపూర్‌లో మన సభ్యుల ఇంట్లోనే 30 మంది దాకా కూర్చోవచ్చట. సరంగు గారు ఇక్కడి నుంచే వీడియో కాల్‌లో మాట్లాడతారు. ఆదివారం మనకు 3 గంటలు, అక్కడ 5:30. హార్బర్‌లో ఐస్ మిషన్ చప్పుడు మాత్రం ఎక్కువ.

గాజువాక, 9:44
కాలర్ మైకు నా దగ్గరుంది, తెస్తాను. అక్కా, బోటు ఫొటో ఒకటి పంపండి.

ఎంవీపీ కాలనీ, 9:46
సాయంత్రం బోట్లు వచ్చే వేళకి వెళ్లి తీస్తాను.